అష్టమి గౌనుకి కట్టిన చీటీ

బరంపురం బడా బజార్‌లో పిల్లల బట్టల హోల్‌సేల్ వ్యాపారం చేసే రాఘవేంద్రకి ప్రపంచంలో ఒక్కరంటేనే భయం. ఆవిడ వయసు పదకొండు. పేరు గౌరి. సొంత చెల్లెలు వసుధకి మొదటి సంతానం.

ఆవిడ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చేసరికి రాఘవేంద్ర కొట్టు గద్దె మీద కూర్చుని, సూరత్ ఏజెంటుని మాటలతో గోడకి నెట్టేస్తున్నాడు. ప్రథమాష్టమికి ఇంకా రెండు రోజులుంది.

"మామయ్యా, ఈసారి అష్టమికి నువ్వు తెచ్చే బట్ట ఎవరు కుట్టారో, వాళ్లకి సరైన కూలి అందిందో లేదో నాకు తెలియాలి. మా స్కూల్లో ఫెయిర్ ట్రేడ్ ప్రాజెక్టు. పండగలో వాడే ప్రతి వస్తువూ అలాంటిదే ఉండాలి. నీ బట్ట అలాంటిది కాకపోతే నేను పాత యూనిఫాం వేసుకుని పీట మీద కూర్చుంటాను. ఉంటాను."

ఆ చివరి 'ఉంటాను' వినగానే సూరత్ ఏజెంటు మీద రాఘవేంద్రకి ఆసక్తి పోయింది. అడిగిన రేటుకి ఒప్పేసుకుని పంపించేశాడు.

ప్రథమాష్టమి అంటే ఇంటికి మొదట పుట్టిన బిడ్డ పండగ. మేనమామ కొత్త బట్టలు తేవాలి. అవి తొడిగి, పీట మీద కూచోబెట్టి, తల్లి హారతి ఇవ్వాలి. పసుపాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన పిఠాలు అందరూ తినాలి. ఒడియా వాళ్ల లెక్కలో అది మార్గశిరం, తెలుగు పంచాంగంలో కార్తీక బహుళం. నెల పేరు మీద రెండు వర్గాలకీ పేచీ ఉందిగానీ, ఖర్చు మేనమామదే అన్న దాని మీద లేదు. నాలుగు తరాలుగా బరంపురంలో పాతుకుపోయిన తెలుగు వర్తకుల ఇళ్లలో ఈ పండగ సొంత పండగకన్నా గట్టిగా జరుగుతుంది. మేనమామ బట్ట లేకుండా పెద్దపిల్ల హారతికి కూర్చుందంటే, ఆ మేనమామ బజార్లో తలెత్తుకు తిరగలేడు. అందులోనూ ఆ మేనమామ పిల్లల బట్టలే అమ్ముతుంటే, తల ఉన్నా లేకపోయినా ఒకటే.

పైగా రాఘవేంద్రకి పాత నేరచరిత్ర ఉంది. నిరుడు అష్టమికి, అమ్ముడుపోని సరుకులోంచి ఒక గులాబీ గౌను తీసి రిబ్బను కట్టి పంపించాడు. పిఠాల ఆవిరికీ చెమటకీ రంగు దిగి, గౌరి మూడు రోజులు గులాబీ రంగులో తిరిగింది. స్కూల్లో బీట్‌రూట్ అని పేరు పెట్టారు. వసుధ అత్తగారు కమలాకుమారి ఆ రోజు ఒక్క ముక్క అంది.

"పోనీలే, మేనమామ జ్ఞాపకం వంటికి బాగా పట్టింది."

ఆ ముక్క ఏడాదిపాటు రాఘవేంద్ర చెవుల్లో రోజుకి రెండుపూటలా, మందులా మోగింది.

కాబట్టి ఈసారి తప్పు జరగడానికి వీల్లేదు. గంటలో మోటారు సైకిలు మీద గోపాలపూర్ చేరాడు. సముద్రం ఒడ్డున, టూరిస్టుల కోసం చేతిపని వస్తువులమ్మే కొట్టొకటి ఉందని విన్నాడు. ఉంది. అందులో శాలువాలున్నాయి, పెద్దవాళ్ల కుర్తాలున్నాయి, సబాయి గడ్డి బుట్టలున్నాయి. పదకొండేళ్ల పిల్లకి గౌను లేదు.

"కొలతలిచ్చి వెళ్లండి, మూడు వారాల్లో ఇస్తాం" అంది కొట్టావిడ. "కుట్టేవాళ్లని మేం తొందరపెట్టం."

రాఘవేంద్రకి మతిపోయింది. కుట్టేవాళ్లని తొందరపెట్టకుండా బట్టల వ్యాపారం చెయ్యొచ్చని అతనికి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

బయటికి రాబోతుంటే ఒక శాలువాకి వేలాడుతున్న అట్టముక్క కనబడింది. జనపనార దారంతో కట్టి ఉంది. 'ఇది నేసినది ఫలానా, ఊరు ఫలానా, న్యాయమైన కూలి చెల్లించబడినది.' ధర చూశాడు. శాలువాకి ఇంత ఉండదు. అంటే మిగతాదంతా ఈ అట్టముక్క ధర.

వ్యాపారి బుర్ర కదా, ఠక్కున వెలిగింది. తనకి కావలసింది గౌను కాదు. గౌన్లు తన దగ్గర నాలుగు వేలున్నాయి. కావలసింది చీటీ.

ఆ సాయంత్రం బడా బజార్‌లో పేరున్న హోల్‌సేల్ వర్తకుడు, నలభై నాలుగేళ్ల గృహస్థు, కొట్టు వెనక గదిలో నేల మీద మఠం వేసుకుని కత్తెరతో అట్టపెట్టె కత్తిరించాడు. ఆరు చీటీలు వచ్చాయి. సరుకంతా వెతికి ఒక మంచి నూలు గౌను తీశాడు. నీలం రంగు. ముందు తడిగుడ్డతో రుద్ది చూశాడు. రంగు దిగలేదు. తన సరుకు మీద తనకే అంత నమ్మకం.

గుమాస్తా అప్పయ్యని పిలిచాడు.

"ఇది ఎవరు కుట్టారు?"

అప్పయ్య కళ్లజోడు సర్దుకుని అంచు తిరగేశాడు. "సీతాలు కుట్టు బావు. గోసాని నువాగాం."

"ఎవరా సీతాలు?"

"ఎవరేటి బావు, తొమ్మిదేళ్లుగా మనకే కుడతన్నాది."

రాఘవేంద్ర చీటీ మీద గుండ్రంగా రాశాడు. 'ఈ గౌను కుట్టినది సీతాలు, గోసాని నువాగాం. న్యాయమైన కూలి చెల్లించబడినది.' మొదటి వాక్యం పచ్చి నిజం. రెండోది సగం నిజం. చెల్లించబడినది అన్నంత వరకూ. జీవితంలో ఇంత నిజాయితీగా ఎప్పుడూ అబద్ధమాడలేదని తన భుజం తానే తట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం, అష్టమి ముందురోజు, పొట్లం చెల్లెలింటికి పట్టుకెళ్లాడు. గౌరి హాల్లో నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. పసుపాకులు, బెల్లం, కొబ్బరికాయలు, ఒక్కొక్కటీ ఎవరి దగ్గర కొన్నదీ రాసుకుంటోంది. పసుపాకులమ్మినవాణ్ణి "ఈ ధర మీకు గిట్టుబాటేనా?" అని అడిగిందట. వాడు జీవితంలో ఆ ప్రశ్న విననివాడు కావడంతో, పోలీసు వ్యవహారమనుకుని ఇంకో కట్ట ఊరికే ఇచ్చి వెళ్లిపోయాడట.

గౌరి గౌనుని చూడలేదు. చీటీ చదివింది. రెండుసార్లు చదివింది. తర్వాత లేచొచ్చి మేనమామ మెడ పట్టుకుంది.

"మామయ్యా, నిజంగా తెచ్చావా?"

ఏడాది తర్వాత ఆ పిల్ల అలా పట్టుకోవడం. అక్కడితో ఆగి ఉంటే కథ సుఖాంతం.

"అయితే రేపు పొద్దున్నే ఈ సీతాలు ఆంటీ ఇంటికెళ్దాం" అంది గౌరి. "థాంక్స్ చెప్పి, నాలుగు ప్రశ్నలడిగి, ఫొటో తీసుకుంటే ప్రాజెక్టయిపోతుంది. హారతి పదింటికి కదా. ఏడింటికి వెళ్లొచ్చేద్దాం."

"పండగ పూట ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకమ్మలూ?"

"ఐదు నిమిషాలు మామయ్యా. నీకు ఇల్లు తెలుసు కదా?"

"తెలీకేం" అన్నాడు రాఘవేంద్ర. ఆ నోటికి అబద్ధం అలవాటు, బుర్ర అడ్డుపడే లోపలే వచ్చేస్తుంది.

తమలపాకుకి సున్నం రాస్తున్న కమలాకుమారి తలెత్తకుండా అంది. "నేనూ వస్తాను. రాఘవేంద్ర న్యాయంగా కూలిచ్చిన మనిషిని చూడకుండా ఎలా పోను?"

పొద్దున్న ఐదున్నరకి అప్పయ్యకి ఫోన్ చేసి సీతాలు ఇంటి గుర్తులడిగాడు రాఘవేంద్ర. అవే గుర్తులు గౌరికి పంపి, ఏడింటికి తిన్నగా అక్కడికే రమ్మన్నాడు. ఆ లోపల సీతాలు చేత రెండు మాటలు బట్టీ పట్టించాలి. అంతే పని.

"ఇంట్లో ఎవరుంటారు?"

"ఆయనా పిల్లా బావు. ఆయన గోపాలపూర్ పోర్టులో పని, డ్యూటీకెళ్లిపోతాడు. పిల్ల శాంతి, తొమ్మిదో తరగతి."

వట్టి చేతులతో ఎలా వెళ్లడం? లంచం అనడానికి మనసొప్పక బహుమతి అనుకున్నాడు. దారిలో కొట్టు తీసి, తొమ్మిదో తరగతి పిల్లకి సరిపోయే చుడీదారు సెట్టు ఒకటి లాగి సంచిలో పెట్టుకున్నాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు. ఆ తెలివి ఎక్కడ కాటేస్తుందో అప్పటికి తెలీదు.

ఆరు పదికి గోసాని నువాగాం సందులో ఆ ఇల్లు దొరికింది. ముందుగదిలో కుట్టు మిషను, గోడవారగా కత్తిరించిన గౌన్లు. అన్నీ తన కొట్టువే. వెనక గదిలోంచి పసుపాకు వాసన, ఆవిరి. నలభై ఏళ్ల మనిషి చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవరు బావు?"

"నేను రాఘవేంద్రని. కొట్టు సావుకారుని."

సీతాలు ముఖం పాలిపోయింది. "ఏటి బావు, బొత్తాలు ఊడిపోనాయా? ఆ బొత్తాలు నావి కావు, అప్పయ్యగారిచ్చినవే."

"అబ్బే, బొత్తాల గొడవ కాదు." సంచి ముందుకి చాపాడు. "ఇది మీ అమ్మాయికి."

సీతాలు సంచిలోకి చూసింది. కొత్త బట్టలు. మళ్లీ అతని వంక చూసింది. తర్వాత పీట వాల్చి, దాని మీద తువ్వాలు పరిచింది.

"కూకో అన్నయ్యా" అంది.

బేరానికి మెత్తబడిందనుకున్నాడు రాఘవేంద్ర. సంతోషించాడు. మేనకోడలి గౌనుకి కట్టిన చీటీ మీద ఏం రాశాడో గబగబా చెప్పాడు. ఏడింటికి పిల్లొస్తుంది, న్యాయమైన కూలి అందుతోందా అని అడుగుతుంది, అందుతోంది అనాలి. అంతే.

"ఓ, అదేటి" అంది సీతాలు. "అందుతున్నాదా?"

"అనడానికేముంది, మాటవరసకి."

"మరేటంటే అన్నయ్యా, ఇయ్యాల అష్టమి. నా పెద్దపిల్ల పండగ. దాని పేరు మీద దీపం పెట్టినాను. ఇయ్యాల అబద్ధం ఆడితే పిల్ల మీద పడతాది. రేపు రా, ఎన్ని కావాలంటే అన్ని ఆడతాను."

"రేపు నాకెందుకు?"

"పోనీ ఇంకో దారుంది. నువ్వు నిజం సేసేయి, నాను నిజమే సెబుతాను."

టైము ఆరు పంతొమ్మిది.

"గౌనుకి ఇప్పుడెంతిస్తున్నాం?" అడిగాడు రాఘవేంద్ర. నిజంగానే అతనికి గుర్తు లేదు.

"పద్దెనిమిది. నాను సేరినప్పుడూ అదే. అప్పుడు మా పిల్ల నా నడుముకి ఒచ్చేది, ఇప్పుడు నాను దాని భుజానికొస్తన్నాను. రేటు మాత్రం ఎదగలేదు."

"ఇరవై రెండు చేద్దాం."

"నలభై."

"నలభైయా? సూరత్‌లో ఏమిస్తారో తెలుసా?"

"తెలీదు. సూరత్ ఎల్లి ఆ పాపకి సూపించు."

సందు చివర ఆటో చప్పుడైంది. రాఘవేంద్ర గుండె ఆగింది. "ఇరవై ఎనిమిది."

ఆటో ముందుకి పోయింది. గుండె మళ్లీ కొట్టుకుంది. అలవాటు కొద్దీ "ఇరవై ఆరు" అన్నాడు.

"ఎనకెనక్కి ఎల్తన్నావేటి అన్నయ్యా?" సీతాలు నవ్వింది. "కూకో, పిఠా ఉడికీసరికి నిదానంగా సూసుకుందాం. నాకు తొందర లేదు."

తొందర లేనివాళ్లతో బేరమాడకూడదని ఇరవై ఏళ్లుగా కుర్రవ్యాపారులకి ఉచిత సలహా ఇస్తున్నది తనే. ఇంకో ఆటో. తర్వాత ఒక పాలవాడి బండి. తర్వాత ఏమీ కాని ఒక చప్పుడు. ఏమీ కాని చప్పుడుకి కూడా రెండు రూపాయలు పెంచాడు. ఆరున్నరకి ముప్పై ఎనిమిది దగ్గర రాఘవేంద్ర చేతులెత్తేశాడు.

"రాసియ్యి" అంది సీతాలు.

కాగితం లేదు. జేబులో చేయి పెడితే మిగిలిన అట్టచీటీలు తగిలాయి. వాటిలో ఒకదాని మీద, అవి కత్తిరించిన చేతులతోనే, కొత్త రేటు రాసి సంతకం పెట్టాడు. గౌరి గౌనుకి పడాల్సిన తేడా కూడా అక్కడే చేతిలో పెట్టించుకుంది సీతాలు. "సెల్లించబడినది అని రాసినావు కదా" అంది.

సరిగ్గా ఏడింటికి గౌరి నోటుబుక్కుతో దిగింది. వెనక చేతికర్రతో కమలాకుమారి. ముందుగదిలో తమ రాఘవేంద్ర పీట మీద బుద్ధిమంతుడిలా కూర్చుని ఉండటం చూసి ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది.

"అప్పుడే వచ్చేశావే" అంది.

గౌరి దణ్ణం పెట్టి, ఫొటో తీసి, ప్రశ్నలు మొదలెట్టింది. ఎన్నేళ్లుగా కుడుతున్నారు, రోజుకెన్ని గంటలు, మిషను సొంతమేనా. సీతాలు అన్నిటికీ తీరిగ్గా చెప్పింది. రాఘవేంద్ర మోకాళ్ల మీద చేతులు బిగించుకున్నాడు.

"మీకు న్యాయమైన కూలి అందుతోందా ఆంటీ?"

"అందుతున్నాదమ్మా."

రాఘవేంద్ర ఊపిరి వదిలాడు. గెలిచాడు. వెంటనే లేచి "పదండి, హారతికి టైమైపోతోంది" అన్నాడు.

గౌరి రాసుకుంటూ తలెత్తకుండానే అడిగింది. "ఎప్పట్నుంచి?"

ఆ ప్రశ్న అతని లెక్కలో లేదు. సీతాలు అతని వైపు జాలిగా చూసింది. వెనక గదిలో వెలుగుతున్న దీపం వైపు చూసింది. గోడ గడియారం వైపు చూసింది.

"ఇయ్యాల పొద్దున్న ఆరున్నర నుంచమ్మా" అంది.

కమలాకుమారి దగ్గింది. అది నవ్వని అందరికీ తెలిసింది. గౌరి పెన్ను ఆగిపోయింది. మేనమామ వంక చూసింది. కోపం కాదు. కోపమైతే తట్టుకునేవాడు. నిరుడు గులాబీ రంగు చేతులకేసి చూసుకున్నట్టు చూసింది.

"చీటీ నిన్ననే తెచ్చావు కదా మామయ్యా."

"నిన్న అబద్ధమే అమ్మలూ" అన్నాడు. "నిన్ను ఏమార్చొచ్చనుకున్నాను. ఇవాళ నిజం చెయ్యాల్సొచ్చింది. ఆవిడ ఒప్పుకోలేదు."

అప్పుడే వెనక గదిలోంచి శాంతి వచ్చింది. తలస్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, స్కూలు యూనిఫాంలో ఉంది.

"ఇవాళ సెలవు కదక్కా, యూనిఫాం ఏంటి?" అంది గౌరి.

"హారతికి" అంది శాంతి. "ఉన్నవాటిలో ఇదే బాగుంది. అష్టమి ముందర అమ్మకి ఊళ్లో పిల్లల గౌన్లే సరిపోతాయి, నాకు కుట్టడానికి ఖాళీ ఉండదు."

గౌరి ముఖం ఎర్రబడింది. రెండు రోజుల క్రితం తను మేనమామని బెదిరించింది ఇదే బెదిరింపుతో. ఇక్కడ అది బెదిరింపు కాదు, ఏటా ఉన్నదే.

"మీ మామయ్య ఏమీ తేలేదా?"

"నాకు అన్నదమ్ముల్లేరమ్మా" అంది సీతాలు. "ఇన్నాళ్లూ లేరు. ఇయ్యాలొచ్చినాడు." మిషను మీద ఉన్న సంచి తీసి చూపించింది. "పొద్దున్నే కొత్త బట్టలట్టుకుని గుమ్మంలో నిలబడితే, నాకు నోట మాట రాలేదు. అందుకే బేరంలో నలభైకి రెండు తగ్గించినాను. అన్నయ్య కదా అని."

రాఘవేంద్రకి అప్పుడర్థమైంది. అష్టమి పొద్దున్న, పెద్దపిల్ల ఉన్న ఇంటికి, కొత్త బట్టలు పట్టుకుని వెళ్లాడు. లంచమివ్వడానికి ఏడాదిలో ఇంకో మూడువందల అరవై నాలుగు రోజులున్నాయి. నోరు తెరిచి ఏదో అనబోయాడు.

"అది మరి..."

కమలాకుమారి కర్ర నేలకి తాటించింది. "అదీ లేదు, ఇదీ లేదు. అష్టమి బట్ట తెచ్చినవాడు మేనమామే. ఒకసారి తెచ్చాక ఏటా తేవాలి. కూర్చో రాఘవేంద్రా, ఈ పిల్ల హారతి కానిచ్చుకునే వెళ్దాం."

శాంతి చుడీదారు మార్చుకొచ్చింది. భుజాల దగ్గర కాస్త వదులు. కొత్త మేనకోడలి నెత్తిన రాఘవేంద్ర అక్షింతలు వేశాడు. పిఠా పెట్టారు. లోపల కొబ్బరీ బెల్లమూ వేడిగా నాలుక కాల్చాయి. కళ్లలో నీళ్లు అందుకేనని చెప్పుకున్నాడు. మిగతా నలుగురూ మర్యాదకి నమ్మారు.

ఇల్లు చేరగానే గౌరి నీలం గౌను తీసుకుని గదిలోకెళ్లి తలుపేసుకుంది. వసుధ పీట వేసింది, దీపం వెలిగించింది. బావ తరపు చుట్టాలు పదిహేనుమంది హాల్లో సర్దుకున్నారు. పది కావొస్తోంది. రాఘవేంద్ర తలుపుకేసి చూస్తున్నాడు. యూనిఫాంలో వస్తుందా, గౌనులో వస్తుందా? రెండోదానికి తనకి అర్హత లేదని తెలిసిన మొదటి అష్టమి అది.

తలుపు తెరుచుకుంది. నీలం గౌను.

మెడ కింద అట్టచీటీ వేలాడుతోంది. మేనమామ రాత మీద అడ్డగీత కొట్టి, కింద గౌరి అక్షరాలు. పీట మీద కూర్చుంటుంటే అది అందరికీ కనబడేలా తిప్పుకుంది. కమలాకుమారి కళ్లజోడు తెప్పించుకుని, పదిహేనుమందికీ వినబడేలా చదివింది.

"'కుట్టినది సీతాలు. న్యాయమైన కూలి ఇవాళ పొద్దున్న ఆరున్నర నుంచి చెల్లించబడుతున్నది. సాక్షి, గౌరి.'"

హాలంతా నవ్వింది. హారతి పళ్లెం పట్టుకున్న వసుధ కూడా దీపం ఆరిపోతుందేమోనన్నంతగా నవ్వింది. గౌరి మాత్రం నవ్వలేదు. హారతి కాగానే లేచొచ్చి, మేనమామ పాదాలకి దణ్ణం పెట్టి, చెవిలో చెప్పింది.

"రంగు దిగలేదు మామయ్యా. చూడు." చేతులు చాపింది. తెల్లగా ఉన్నాయి.

అప్పుడే ఫోను మోగింది. అప్పయ్య.

"బావు, సీతాలు ఈదిలో మనకి కుట్టేవాళ్లు పదకొండు ఇళ్లు. అందరూ ఇప్పుడే కొట్టు ముందుకొచ్చినారు."

"కూలి పెంచమనా?"

"కాదు బావు. అది ఎలాగూ పెంచుతారని సీతాలు సెప్పేసిందట. ఈళ్లలో ఆరుగురికి అన్నదమ్ముల్లేరట. వచ్చే అష్టమికి పిల్లల కొలతలిచ్చి ఎల్తామంటన్నారు. ఏటి సెప్పమంటారు?"

రాఘవేంద్ర నోట్లో పిఠా గిరగిరా తిరిగింది. ఎదురుగా కమలాకుమారి సున్నం డబ్బీ మూత తీస్తూ, వినబడనట్టే వింటోంది. అతను జేబులోంచి మిగిలిన చీటీలు తీసి మోకాలి మీద పరుచుకున్నాడు. నాలుగే ఉన్నాయి.

"గౌరీ, ఆ పెన్నిలా పట్రా" అన్నాడు. తర్వాత ఫోన్లో, "ఒక్కొక్కళ్లనే చెప్పమను అప్పయ్యా. ఇంకో రెండు చీటీలు కత్తిరించుకోవాలి."